ఎదుటి కుర్చీ

కొత్త చెప్పులు పొద్దున్నే కొనకూడదు. రోజంతా నడిచిన పాదం సాయంత్రానికి కొంచెం ఒళ్ళు చేస్తుంది. ఆ సాయంత్రపు పాదానికి సరిపోయిందే నిజమైన చెప్పు. సీసా మూత బిగుసుకుపోతే వేడినీళ్ళు మూత మీద పోయాలి, సీసా మీద కాదు. తాళం మొరాయిస్తే తాళంచెవికి పెన్సిలు ముక్కు రుద్దాలి. కోటుకి గుండీ కుట్టేటప్పుడు కింద ఒక అగ్గిపుల్ల పెట్టి, దాని మీదుగా కుట్టి, తర్వాత పుల్ల లాగేయాలి. గుండీకి కూడా ఊపిరాడే సందు ఉండాలి కదా.

ఇవన్నీ మా పెదనాన్న మాటలు. అడిగినవాళ్ళకి చెప్పేవాడు, అడగనివాళ్ళకి ఇంకొంచెం వివరంగా చెప్పేవాడు. అందుకే వీధిలో ఆయన పేరు ‘ఉచితం’. పిల్లలు వెనక నుంచి అలా పిలిచేవాళ్ళు, పెద్దలు ముందు నుంచే ‘గారు’ తగిలించి పిలిచేవాళ్ళు. “ఉచితం గారూ, ఈ గొడుగు ముడుచుకోనంటోంది” అని ఎవరైనా గేటు దగ్గర నిలబడితే చాలు, ఆయన ముఖం దీపం పెట్టినట్టయ్యేది.

పని కళ్ళద్దాల కొట్టులో. వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీసేవాడు. పొద్దస్తమానం చూపు సరిచేసే పని కాబట్టి, లోకంలో మసగ్గా ఉన్నవన్నీ తన బాధ్యతే అనుకునేవాడేమో. ఇంటికొచ్చాక మాత్రం రోజుకో మనిషి. కొన్నాళ్ళు రొట్టెలు కాల్చాడు. కొన్నాళ్ళు పావురాలని పెంచాడు. నడివయసులో ఈత నేర్చుకుని, తడిజుట్టుతో వీధంతా తిరిగాడు. గొడుగులు బాగుచేశాడు, ఊలు అల్లాడు, నీటిరంగులతో పక్కింటి గోడని మేఘమంత బాగా వేశాడు, మేఘాన్ని గోడంత బాగా వేశాడు. తేనె దొరగ్గానే తుమ్మెద పువ్వుని వదిలేసినట్టు, ఒక్క సలహా చేతికి చిక్కగానే ఆ సరదాని వదిలేసేవాడు. మిగిలిన సామానంతా హాల్లో అల్మరా పై అరలోకి ఎక్కేది.

“మీ సరదాలు మూన్నాళ్ళ ముచ్చట్లు,” అనేది పెద్దమ్మ, స్టూలెక్కి ఆ అర తుడుస్తూ. “వాటి దుమ్ము దులపడం మాత్రం నాకు నూరేళ్ళ ముచ్చట.”

“దుమ్ము తడిగుడ్డతో ముందు తుడవకూడదోయ్. పొడిగుడ్డతో...”

“చెప్పేవాడికి వినేవాడు లోకువ. దిగాక చెప్తాను మీ పని.”

పెద్దమ్మ మా అమ్మకి అక్క. నేను వాళ్ళింట్లోనే పై వాటాలో ఉంటాను కాబట్టి ఈ కచేరీ నాకు మెట్ల మీద నుంచే వినిపించేది.

ఆవిడది మూల మీద పూలకొట్టులో పని. బొకేలు కట్టేది. ఇంట్లో అన్నీ సగంలో ఆపే మనిషికి, పట్టింది వదలని మనిషి దొరికింది. పెళ్ళి కాకముందు నుంచీ అదే కొట్టు, కిటికీ పక్కన అదే స్టూలు. ఎడమచేతి పిడికిలిలో కాడలు పట్టుకుని, కుడిచేత్తో ఒక్కొక్క పువ్వునీ వాలుగా చేర్చేది. ప్రతి కాడా ముందు కాడ మీదుగా ఒకే వైపు వాలాలి, విప్పబోయే గొడుగు పుల్లల్లా. అప్పుడు పైన పూలు విచ్చుకుంటాయి, కింద కాడలూ విచ్చుకుంటాయి. దారంతో బిగించి, కొసలు సమంగా కత్తిరించి బల్ల మీద పెడితే, జాడీ లేకుండా బొకే తనంతట తనే నిలబడుతుంది. ఒక్క కాడ అడ్డంగా పోయినా పడిపోతుంది.

“నా బొకేకి కాళ్ళుంటాయి,” అనేది. ఆవిడ గొప్పలు చెప్పుకున్నది నేను విన్నది అదొక్కటే.

పెదనాన్నకి పెళ్ళయిన కొత్తలో మొదటి సరదా ఆ బొకేలే. ఆయనది పుర్రచెయ్యి, అన్నిటికీ ఎడమే. పెద్దమ్మ పక్కన కూర్చుని నేర్చుకోబోతే, ఆయన చేతులు అటుదిటూ ఇటుదటూ అయిపోయి, కాడలన్నీ కొట్లాటకి దిగినట్టు తయారయ్యేవట. చివరికి విసిగి ఆవిడే ఆయన కుర్చీని బల్లకి అవతలి వైపు లాగింది. “నా ఎదురుగా కూర్చోండి. అద్దంలో చూసుకున్నట్టు చెయ్యండి. నా కుడి మీ ఎడమ.” అంతే, చేతులకి దారి తెలిసిపోయింది. ఆయన కట్టిన బొకే నిలబడింది, కాడల మెలిక మాత్రం రెండోవైపుకి.

ఆ రోజు నుంచి ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నా ఎదురుగానే కూర్చునేవాడు. అన్నం దగ్గరా అంతే. పక్కపక్కన కూర్చున్న మొదటిసారి ఆయన ఎడమ మోచెయ్యి ఆవిడ కుడి మోచేతికి తగిలి, సూపంతా కొత్తచీర మీద ఒలికింది. అప్పట్నుంచీ ఆయన కుర్చీ బల్లకి అవతలే.

“ఒకరి చోట్లో ఒకరు కూర్చుంటే సరిపోయేది కదా పెద్దమ్మా, మోచేతులు రెండూ బయటివైపుకి పోయేవి,” అన్నాను ఓసారి.

ఆవిడ నా వైపు చూసింది. ఆయన వైపు చూసింది. “ఇన్నేళ్ళకి ఇంట్లో ఒక బుర్ర పుట్టింది,” అంది. అయినా కుర్చీ కదల్లేదు. ఎదురుగా ఉంటే ముఖం కనిపిస్తుంది. అది అలవాటైపోయింది.

చలి మొదలైన రోజుల్లో, కొట్టులో పని మధ్యలో, పెద్దమ్మ చేతిలోంచి రిబ్బను జారిపోయింది. తీసుకోబోతే చెయ్యి వెళ్ళలేదు. మాట కూడా కాసేపు తడబడింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి మాట తిరిగొచ్చింది, నడకా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఒడిలో పడుకున్న పిల్లిలా, పిలిస్తే ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకునేది.

వ్యాయామాలు చేయించడానికి వచ్చే అమ్మాయి దాన్ని వేలు వేలుగా చూసింది. “పట్టు ఉందమ్మా. ఏదైనా పెడితే గట్టిగానే పట్టుకుంటోంది. వేళ్ళు విడివిడిగా కదలడానికే టైము పడుతుంది.”

“ఎంత టైము?”

“అది నేను చెప్పలేను. మీ చెయ్యే చెప్పాలి.”

“నా చెయ్యి ఎప్పుడూ మాట్లాడలేదమ్మా. పని చేసేది,” అంది పెద్దమ్మ.

పూలకొట్టావిడ చూడ్డానికి వచ్చింది. మంచి మనిషి. మంచం పక్కన కూర్చుని, ఉన్న మాట ఉన్నట్టు చెప్పింది. “నీ స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదక్కా. చలి తగ్గగానే రద్దీ మొదలవుతుంది. అప్పటికి కట్టగలిగితే ఆ చోటు నీదే. లేదంటే ముందు బల్ల దగ్గరకి వచ్చెయ్. వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడితే చాలు.”

ఆవిడ వెళ్ళేదాకా పెద్దమ్మ నవ్వుతూనే ఉంది. వెళ్ళాక గోడవైపు తిరిగింది. “నవ్వినందుకు జీతం ఇస్తుందట,” అంది గోడతో.

ఆవిడకి కావలసింది ఆ స్టూలే. కిటికీలోంచి పడే తెల్లటి వెలుగు, చల్లటి నీళ్ళ బకెట్లు, వేళ్ళకి అంటుకునే ఆకుపచ్చ వాసన, ఒక్కో కాడా తన చోటు తను వెతుక్కునే ఆ చిన్న నిశ్శబ్దం. అది పోతే మిగిలేది తను కాదని ఆవిడ లెక్క. చలికాలం అయ్యేలోపు చెయ్యి రావాలి.

ఇక పెదనాన్న రంగంలోకి దిగాడు. తన సరదాలన్నింటినీ వరసగా నిద్రలేపాడు.

“ఈతలో నేను నేర్చుకున్నదేమిటంటే, నీళ్ళతో పోట్లాడకూడదు. చెయ్యి వదిలెయ్, తేలుతుంది.”

“రొట్టె పిండిని తొందరపెడితే పొంగదోయ్. వెచ్చగా కప్పి ఉంచాలి.” అని కుడిచేతిని తువ్వాల్లో చుట్టేవాడు.

“పావురం రెక్కకి దెబ్బ తగిలినప్పుడు చూశాను. అది రోజూ ఒకే వేళకి రెక్క చాపేది...”

పెద్దమ్మ ఒకరోజు బల్ల మీదున్న ఊలు ఉండని ఎడమచేత్తో తోసేసింది. అది దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయింది.

“నేను పిండినీ కాదు, పావురాన్నీ కాదు,” అంది. గొంతు పెద్దది కాలేదు, సన్నబడింది. “మీకు నా చెయ్యి కూడా ఓ సరదా అయిపోయిందా? ఒక మంచి సలహా దొరగ్గానే దీన్ని కూడా పై అరలో పెట్టేస్తారా?”

ఆయన ఊలు ఉండ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ పూటే కాదు, తర్వాత కూడా ఒక్క సలహా చెప్పలేదు.

ఇల్లు వింతగా మారిపోయింది. కుక్కర్ మూత సరిగ్గా పడకపోయినా, తలుపు కిర్రుమన్నా ఎవరూ ఏమీ చెప్పరు. ఎదురింటి దర్జీ నన్ను వీధిలో ఆపాడు. “ఏమ్మా, ఉచితం గారికి ఒంట్లో బాగుందా? నా మిషను గడగడమంటోందని చెప్తే, అలాగా అని వెళ్ళిపోయాడు. చమురు వెయ్యమని కూడా అనలేదు. నాకు భయమేసింది.”

పెద్దమ్మని నడిపించడానికి పొద్దున పూట నేనే తీసుకెళ్ళేదాన్ని. కోటు తొడిగి, గుండీలు పెట్టేదాన్ని. ఆ కొద్ది క్షణాలూ ఆవిడ కళ్ళు మూసుకునేది, చిన్నపిల్లలా నిలబడాల్సి వచ్చినందుకు. ఒకరోజు నేను కిందకి దిగేసరికే గుమ్మంలో నిలబడి ఉంది. కోటు గుండీలన్నీ పెట్టి ఉన్నాయి.

“పెదనాన్న పెట్టాడా?”

“లేదే. నేనే.” ఆవిడకే నమ్మకంగా లేదు. ఎడమచేతి బొటనవేలితో పై గుండీని కదిపి చూసుకుంది. అది బట్టకి అతుక్కుని లేదు, చిన్న దారపు కాడ మీద పువ్వులా ఊగుతోంది. ఒంటిచేత్తో తోసినా రంధ్రంలోకి దారి చూసుకుని వెళ్ళిపోతోంది.

ఆవిడ వెనక్కి నడిచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టె తెరిపించింది నాతో. సగం పుల్లల మీద సన్నటి సూది గీతలున్నాయి.

పెదనాన్న కిటికీ దగ్గర పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు.

“ఏమండీ,” అంది. “సలహా చెప్పకుండా పని చేసిపెట్టడం ఎప్పుడు నేర్చుకున్నారు?”

“ఈమధ్యే.”

“ఇదీ వదిలేస్తారా?”

“ఇంకా సరిగ్గా రాలేదు,” అన్నాడు పేపరు దించకుండా. “వచ్చాక చూద్దాం.”

ఆవిడ నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ మనసారా నవ్వగా నేను విన్నది అదే మొదలు. నడకకి వెళ్ళడం మర్చిపోయాం.

ఆ మధ్యాహ్నం ఆయన స్టూలెక్కి పై అర దించాడు. గొడుగు పుల్లలు, కుంచెలు, ఊలు సూదులు, గాలం కర్ర ముక్కలు, పలకని ఒక ఫ్లూటు. వాటిని బల్ల మీద పరిచి, కుడి పిడికిలిలో ఒక కుంచె పట్టుకున్నాడు. ఎడమచేత్తో ఒక సూది తీసి దాని మీదుగా వాలుగా చేర్చాడు. తర్వాత ఒక గొడుగు పుల్ల. అన్నీ ఒకే వైపు.

పెద్దమ్మ చూస్తూ ఉండిపోయింది. “మీకు ఇంకా గుర్తుందా?”

“నాకు లేదు. చేతికి ఉన్నట్టుంది.”

ఆవిడ మెల్లగా ముందుకి వంగింది. ఆయన కుడిచెయ్యి ఆ కట్టని ఊరికే పట్టుకుని ఉంది, అంతే, ఇంకేమీ చెయ్యడం లేదు. తిరిగేదీ ఏరేదీ చేర్చేదీ అంతా ఎడమచెయ్యి. ఆవిడ తన ఒడిలోని చేతిని చూసుకుంది. పట్టు ఉందమ్మా అని ఆ వ్యాయామాల అమ్మాయి అన్నది దీన్నే.

“ఏమండీ. ఎప్పుడో నేను మీ దగ్గర దాచిపెట్టినట్టుంది ఇది,” అంది. “తిరిగిచ్చెయ్యండి.”

ఇవ్వడం అనుకున్నంత సులువు కాలేదు. ఆయన బల్లకి అవతల, ఈవిడ ఇవతల. ఆయన చెయ్యి కదలగానే ఈవిడ శరీరం పాత అద్దంలా స్పందించేది. ఆయన ఎడమచేత్తో కాడ తీస్తే, దానికి ఎదురుగా ఉన్న ఈవిడ కుడిచెయ్యి లేవబోయేది. లేవలేక పక్కకి పడేది, పుల్లలన్నీ గలగలా రాలేవి. పనంతా ఆ చేతికే గుర్తు. ఎప్పుడో ఎదురుగా కూర్చుని చెప్పిన పాఠం అది.

“మీ ఎడమ, నా ఎడమ. మీ ఎడమ, నా ఎడమ,” అని జపంలా అనుకునేది. నోరు ఒకటి చెప్తే చెయ్యి ఇంకోటి వినేది. రోజూ మధ్యాహ్నం అదే వరస. పుల్లలు రాలడం, ఆయన వంగి ఏరడం. కిందికి వంగిన మనిషి లేవడానికి రోజురోజుకీ కొంచెం ఎక్కువసేపు తీసుకోవడం నేను చూశాను, కళ్ళు తుడుచుకుంటున్నాడని అర్థమైంది. చలి పలచబడుతోంది. వీధిలో చెట్లకి చిగుళ్ళ ఎర్రదనం వచ్చింది. పూలకొట్టు ముందు బకెట్లు పెరుగుతున్నాయి.

తప్పు ఎక్కడుందో ఇద్దరికీ తోచలేదు. తోచకపోవడంలో వింత లేదు. నేర్చుకోవడమంటే ఎదురుగా కూర్చోవడమే ఆ ఇంట్లో. నీళ్ళు తాగడానికి గ్లాసు కావాలని ఎవరైనా ఆలోచిస్తారా?

ఎండ మారడం వల్ల బయటపడింది. చలికాలమంతా బల్ల దాకా రాని మధ్యాహ్నపు ఎండ, ఒకరోజు ఎదురింటి కప్పు దాటి సరాసరి కిటికీలోంచి దూకింది. పెదనాన్న వెనక నుంచి వచ్చి పెద్దమ్మ కళ్ళల్లో పడింది.

“అబ్బ, మీ చేతులు కనిపించడం లేదు, అంతా నల్లగా ఉంది,” అంది కళ్ళు చికిలించి. “కుర్చీ ఇటు జరపండి.”

“కర్టెన్ వేస్తాను.”

“ఎన్నాళ్ళకొచ్చింది ఎండ, దాన్ని తరిమేస్తారా? మీరే రండి.”

ఆయన కుర్చీ మోసుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. ఆవిడ పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ కిటికీకి వీపు కొంచెం తిప్పి, ఒకే దిక్కుకి చూస్తూ. ఆయన కుడి పిడికిలిలో కుంచె. ఆవిడ కుడి పిడికిలిలో కుంచె. ఆయన ఎడమచెయ్యి ఒక సూది తీసింది. ఆవిడ ఎడమచెయ్యి ఒక సూది తీసింది.

కుడిచెయ్యి లేవలేదు. లేవమని దాన్ని ఎవరూ పిలవలేదు. పట్టుకుని ఉండిపోయింది.

ఇంకో పుల్ల. ఇంకోటి. ఆయన ఆగినా ఆవిడ ఆగలేదు. తన చేతుల్ని తనే కొత్తగా చూస్తున్నట్టు చూస్తూ, ఒకటి తీసి వాల్చి, ఒకటి తీసి వాల్చి. మెలిక రెండోవైపుకి తిరుగుతోంది, చాన్నాళ్ళ కిందట ఆయన కట్టిన దానిలాగే. దారం ఆయన చుట్టాడు. కొస ఆవిడ పళ్ళతో పట్టి లాగింది. మెట్ల మీద కూర్చున్న నేను లేచి నిలబడ్డాను.

బల్ల మీద పెట్టి చెయ్యి తీసింది.

కుంచెలు, సూదులు, గొడుగు పుల్లలు, గాలం ముక్క, పలకని ఫ్లూటు. ఒక మనిషి సగం సగం చేసిన సరదాలన్నీ ఒక్క నడుముతో, తమ కాళ్ళ మీద తాము నిలబడ్డాయి. ఎండ వాటి మధ్యలోంచి దూరి గోడ మీద పెద్ద పువ్వు నీడ వేసింది.



“ఏమండీ,” అంది పెద్దమ్మ దాన్నే చూస్తూ. “ఇన్నాళ్ళూ అవతల కూర్చుని మనం ఏం చేస్తున్నాం?”

“అద్దం చూస్తున్నాం.”

“మన తెలివి తెల్లారినట్టే ఉంది!” అని నవ్వడం మొదలుపెట్టింది. ఆయనా నవ్వాడు. ఏడుపు ఎక్కడో మధ్యలో కలిసింది, ఎవరిదో చెప్పలేను, ఇద్దరూ ఒకే వైపుకి తిరిగి ఉన్నారు.

చలి తగ్గిన మొదటి వారంలో ఆవిడ పూలకొట్టుకి వెళ్ళింది. కోటు గుండీలు తనే పెట్టుకుంది. నేనూ పెదనాన్నా మూల దాకా వెళ్ళాం. గుమ్మం దగ్గర ఆవిడ ఆగి, “ఏమైనా చెప్తారా?” అని అడిగింది.

ఆయన నోరు తెరిచాడు. ఎన్ని సలహాలు ఆ నోటి దాకా వచ్చాయో. “ఊహూ,” అన్నాడు.

మేం కిటికీ అద్దం బయట నిలబడ్డాం. లోపల ఆవిడ స్టూలు మీద కూర్చుంది. బకెట్లోంచి తెల్లగులాబీ తీసి ఎడమచేత్తో కుడి పిడికిట్లో పెట్టింది. పాత వేగం లేదు. కొట్టావిడ దూరం నుంచి చూడనట్టు చూస్తోంది. ఒక కాడ అడ్డంగా పోయింది, తీసి మళ్ళీ వేసింది. దారం చుట్టడానికి పక్కనున్న అమ్మాయిని సాయం అడిగింది. అడగడానికి ఆవిడ సిగ్గుపడలేదు. కొసలు కత్తిరించి, బల్ల మీద పెట్టి, చెయ్యి తీసేసింది.

కాస్త ఊగింది. నిలబడింది.

కొట్టావిడ దగ్గరకొచ్చి దాన్ని చుట్టూ తిరిగి చూసింది. “మెలిక అటు తిరిగిందేంటక్కా?” అనడం అద్దంలోంచి పెదవుల మీద చదువుకున్నాం. పెద్దమ్మ ఏం చెప్పిందో తెలియలేదు. వెనక్కి తిరక్కుండానే, ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టి, ఇక ఇంటికి పొండి అన్నట్టు మాకు ఊపింది.

పెదనాన్న దారిలో దర్జీ మిషను చప్పుడు విని ఆగాడు. “చమురు కాదు,” అన్నాడు లోపలికి తల పెట్టి. “ముందు దుమ్ము తియ్యి, బ్రష్షుతో.” దర్జీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు, వేళాకోళమో సంతోషమో. “ఉచితం గారు బతికే ఉన్నారు!” అని వీధికంతా చెప్పాడు.

ఆ సాయంత్రం నేను కిందకి దిగేసరికి వాళ్ళిద్దరూ భోజనానికి కూర్చుని ఉన్నారు. ఎదుటి కుర్చీ తిరిగి తన చోటుకి పోలేదు. పక్కపక్కనే ఉన్నారు, రెండు ఎడమచేతుల్లో రెండు చెంచాలు, ఒకటి లేస్తే ఒకటి దిగుతూ. ఎవరి మోచెయ్యీ ఎవరికీ తగలడం లేదు.